కంప్యూటర్‌లో పాట బాగా వినపడాలంటే: డీఏసీ కొనే ముందు చేయాల్సిన పనులు

"అన్నా, ల్యాప్‌టాప్‌లో పాట పెడితే పీలగా ఉండాది. ఏ డీఏసీ కొనమంటావు?"

నెల్లూరులో కంప్యూటర్ పని మీద ఎవరింటికి వెళ్ళినా చివర్లో ఇదే ప్రశ్న. ఒంగోలు నుంచి, కావలి నుంచి ఫోన్ చేసేవాళ్ళదీ ఇదే. డీఏసీ అంటే ఫైలులోని అంకెలను స్పీకర్‌కి పనికొచ్చే కరెంటుగా మార్చే పరికరం. అది మీ కంప్యూటర్‌లో ఇప్పటికే ఒకటి ఉంది, అంత చెడ్డదేం కాదు. నేను చూసిన ఇళ్ళలో సౌండ్ పాడైంది ఎక్కువగా వేరే చోట: ఫైలులోనో, ఒక సెట్టింగ్‌లోనో, చార్జర్ ప్లగ్గులోనో, స్పీకర్ పెట్టిన షోకేసులోనో. అందుకే అడిగినవాళ్ళందరికీ చెప్పేది ఒకేచోట రాస్తున్నాను. వరస తప్పకుండా చేయండి. ఒక్కో అడుగు తర్వాత ఆగి అదే పాట మళ్ళీ వినండి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

కావలసినవి

- విండోస్ 10 లేదా 11 ఉన్న కంప్యూటర్
- ఫూబార్ 2000 (పాటలు వినే ప్లేయర్), ఆడాసిటీ (సౌండ్ ఫైలును తెరిచి పరిశీలించే ప్రోగ్రామ్) (రెండూ ఉచితం, వాటి సొంత సైట్ల నుంచే దించుకోండి)
- మీకు కంఠతా వచ్చిన రెండు పాటలు. ఒకటి పాతది, ఒకటి 1990ల తర్వాతది. సొంత సీడీ నుంచి తీసినవో, కొన్న ఫ్లాక్ (సౌండ్ ఏమీ పోకుండా సైజు తగ్గించిన) ఫైళ్ళో అయితే మేలు. నేనైతే మన నెల్లూరు బాలుగారి పాటలే పెట్టుకుంటాను. ఆయన గొంతు ఎలా ఉండాలో ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పక్కర్లేదు. 1966లో మొదలుపెట్టి ఐదు దశాబ్దాలు పాడారు కాబట్టి ప్రతి కాలం రికార్డింగూ దొరుకుతుంది.
- వైరున్న హెడ్‌ఫోన్ ఒకటి, మామూలుదైనా సరే
- ఒక అదనపు 3.5 ఎంఎం కేబుల్, కొలిచే టేపు, కాగితం, పెన్ను

మొదటగా మీ బాధ ఏమిటో కాగితం మీద రాయండి. "బాగాలేదు" అని రాస్తే లాభం లేదు. గుమ్మ్ అని మోగుతోందా? చిటపటలాడుతోందా? గొంతు బావిలోంచి వచ్చినట్టుందా? బాస్ అసలే లేదా? ఇప్పుడు స్పీకర్ తీసి హెడ్‌ఫోన్ పెట్టి వినండి. హెడ్‌ఫోన్‌లో బాగుంటే తప్పు స్పీకర్‌దో, గదిదో, స్పీకర్‌కి వెళ్ళే వైరుదో. నేరుగా 4, 6 అడుగులకు వెళ్ళండి. రెండింట్లోనూ అలాగే ఉంటే 1 నుంచి మొదలుపెట్టండి.

1. ముందు ఫైలు చూడండి

పైకి 320 కేబీపీఎస్ (ఒక్కో సెకను పాటకు వాడిన డేటా లెక్క) అని రాసి ఉంటుంది, లోపల 128. పెన్‌డ్రైవ్‌లో చేతులు మారుతూ వచ్చిన పాటల్లో ఇది మామూలే. ఎవరో 128 ఫైలును తీసుకొని మళ్ళీ 320గా మార్చి ఉంటారు. సైజు పెరుగుతుంది, పోయిన సౌండ్ రాదు. నీళ్ళు కలిపిన పాలను పెద్ద బిందెలో పోసినట్టు.

ఐదు నిమిషాల పాటకు సైజు సుమారుగా ఇలా ఉండాలి: 128 అయితే 4.8 ఎంబీ, 320 అయితే 12 ఎంబీ, సీడీలో ఉన్నది ఉన్నట్టు వేవ్‌గా తీస్తే 53 ఎంబీ. ఫ్లాక్ చాలావరకు 25 నుంచి 35 మధ్య ఉంటుంది.

కానీ సైజు ఒక్కటే చూసి నమ్మొద్దు. ఆడాసిటీలో ఫైలు తెరిచి, ట్రాక్ పేరు పక్కనున్న మెనూలో స్పెక్ట్రోగ్రామ్ (ఏ స్థాయి సౌండ్ ఎంత ఉందో రంగుల్లో చూపే బొమ్మ) ఎంచుకోండి. రంగు పైకి ఎంతవరకు పాకిందో చూడండి. 16–17 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే, పేరు 320 అయినా ఫ్లాక్ అయినా అది ఒకప్పుడు 128 ఎంపీ3 అయి ఉండే అవకాశం ఎక్కువ. అసలైన 320 దాదాపు 20 వరకు వెళ్తుంది. స్కేలు 8 వరకే చూపిస్తుంటే స్పెక్ట్రోగ్రామ్ సెట్టింగ్స్‌లో పై హద్దును 22000కి పెంచండి. ఇది మర్చిపోయి "నా ఫైళ్ళన్నీ నకిలీవే" అని కంగారుపడ్డవాళ్ళున్నారు.

ఇంకో పొరపాటు. 1950లు, 60ల పాటల్లో పైస్థాయి సౌండ్ రికార్డింగ్‌లోనే తక్కువ. అక్కడ రంగు పల్చగా ఉంటే ఫైలు నకిలీ అనుకోకండి. కోసినట్టు గీత ఉందా, మెల్లగా పల్చబడిందా అన్నదే తేడా. ఆ పాత పాటలకే ఎకో తగిలించి "డిజిటల్ సరౌండ్" అని తిప్పే ఫైళ్ళు కూడా ఉన్నాయి. ఎంత మంచి స్పీకర్ పెట్టినా అవి బాగుపడవు. తీసేసి మామూలుది వెతుక్కోండి.

వీడియో సైట్ నుంచి ఎంపీ3గా మార్చుకున్న పాటకూ ఇదే గతి. పాటల యాప్ వాడేవాళ్ళు సెట్టింగ్స్‌లో క్వాలిటీ "ఆటోమేటిక్" నుంచి అన్నిటికన్నా పైదానికి మార్చి, డేటా సేవర్ ఆపండి.

2. విండోస్ చేసే కలగాపులగం ఆపండి

టాస్క్‌బార్‌లో స్పీకర్ బొమ్మ మీద రైట్ క్లిక్, సౌండ్ సెట్టింగ్స్. కిందికి వెళ్తే మోర్ సౌండ్ సెట్టింగ్స్ (విండోస్ 10లో సౌండ్ కంట్రోల్ ప్యానెల్) ఉంటుంది. అక్కడ:

- ప్లేబ్యాక్‌లో మీరు వింటున్న పరికరమే డిఫాల్ట్‌గా ఉందా చూడండి. మానిటర్‌కి హెచ్‌డీఎంఐ పెట్టినప్పుడు సౌండ్ చాటుగా మానిటర్‌లోని చిన్న స్పీకర్‌కి మారిపోతుంది.
- పరికరం మీద డబుల్ క్లిక్ చేసి ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆపండి. బాస్ బూస్ట్, లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్, వర్చువల్ సరౌండ్, ఏదీ వద్దు. ల్యాప్‌టాప్ కంపెనీ వేసిన సౌండ్ యాప్ వేరే ఉంటే అందులోనూ ఆపండి. జనం మర్చిపోయేది ఈ రెండోదే.
- అడ్వాన్స్‌డ్‌లో డిఫాల్ట్ ఫార్మాట్: పాటలే ఎక్కువ వింటే 24 బిట్, 44100. సినిమాలు, వీడియోలు ఎక్కువైతే 48000. 192000 పెడితే బాగుంటుందనుకోకండి. సీడీ పాట 44100లోనే ఉంది, లేని సౌండ్‌ను విండోస్ పుట్టించలేదు.
- కమ్యూనికేషన్స్‌లో "డూ నథింగ్" పెట్టండి. లేకపోతే కాల్ వచ్చినప్పుడల్లా పాట సౌండ్ 80 శాతం పడిపోతుంది.
- విండోస్ సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో (విండోస్ 10లో ఈజ్ ఆఫ్ యాక్సెస్) మోనో ఆడియో ఆఫ్‌లో ఉందా, బ్యాలెన్స్‌లో కుడి ఎడమ సమానంగా ఉన్నాయా చూడండి. ఎవరైనా పిల్లలు ఆడుకొని వదిలేసి ఉంటారు.

వాల్యూమ్ సంగతి. ముందు స్పీకర్ నాబ్ సున్నాకి తిప్పండి. ఇది మర్చిపోతే చెవికీ స్పీకర్‌కీ దెబ్బ. తర్వాత విండోస్ వాల్యూమ్, ప్లేయర్ వాల్యూమ్ 100కి తెచ్చి, స్పీకర్ నాబ్‌తో మెల్లగా పెంచుకోండి. కంప్యూటర్‌లో తగ్గించి స్పీకర్‌లో పెంచితే పాటతో పాటు సుస్స్ అనే శబ్దమూ పెరుగుతుంది. 100 దగ్గర చిన్న స్పీకర్లు కరకరమంటే విండోస్‌ను 80కి దించండి, పోతుంది. వీఎల్‌సీలో మాత్రం 100 దాటొద్దు. 125 వరకు వెళ్తుంది కదా అని లాగితే పాట అంచులు తెగుతాయి.

ఈక్వలైజర్ తప్పనిసరి అనుకుంటే ఒక లెక్క గుర్తుపెట్టుకోండి: ఏ గీతనైనా 6 డెసిబెల్స్ పెంచితే ప్రీఆంప్‌ను (మొత్తం సౌండ్‌ను మార్చే గీతను) 6 తగ్గించాలి.

మ్యాక్ ఉన్నవాళ్ళు ఆడియో మిడి సెటప్‌లో ఫార్మాట్ ఒక్కటి సరిచూసుకుంటే చాలు.

3. ప్లేయర్

ఫూబార్‌లో ప్రిఫరెన్సెస్, ప్లేబ్యాక్, అవుట్‌పుట్. పరికరాల జాబితాలో మీ పరికరం పేరు పక్కన "ఎక్స్‌క్లూజివ్" అని ఉన్నది ఎంచుకోండి. అప్పుడు పాట విండోస్ మిక్సర్‌లో కలవకుండా నేరుగా వెళ్తుంది. ఆ సమయంలో బ్రౌజర్‌లో వీడియో పలకదు, నోటిఫికేషన్ మోగదు. అది లోపం కాదు. నిజం చెప్పాలంటే దీనివల్ల వచ్చే తేడా చాలామంది చెవికి అందదు. నాకు దీంట్లో నచ్చింది పాట మధ్యలో టింగుమనే మెసేజ్ లేకపోవడమే.

రీప్లేగెయిన్ పెట్టుకోండి. పాటలన్నీ ఎంచుకొని స్కాన్ చేయించి, ప్లేబ్యాక్‌లో "అప్లై గెయిన్ అండ్ ప్రివెంట్ క్లిప్పింగ్" ఎంచుకుంటే పాత పాట చిన్నగా, కొత్త పాట చెవులు పగిలేలా రావడం ఆగుతుంది.

చిటపటలు వస్తుంటే: పవర్ ప్లాన్ హై పర్ఫార్మెన్స్‌కి మార్చండి. యూఎస్‌బీ హబ్ తీసి నేరుగా పోర్టులో పెట్టండి. ఫూబార్‌లో బఫర్ పెంచండి. వైఫై ఒక్క నిమిషం ఆపి వినండి. ఆగిపోతే వైఫై డ్రైవర్ కొత్తది వేయాలి. మే నెల మధ్యాహ్నం మాత్రమే వస్తుంటే అది సౌండ్ జబ్బు కాదు, వేడి. ల్యాప్‌టాప్ అడుగున దుమ్ము దులిపి, పరుపు మీద నుంచి బల్ల మీదికి మార్చండి.

4. గుమ్మ్ అనే మోత

దీని గురించే ఎక్కువ ఫోన్లు వస్తాయి, దీని మీదే డబ్బు ఎక్కువ వృథా అవుతుంది.

వేదాయపాలెంలో మా పిన్ని కొడుకు మోత పోతుందని డీఏసీ కొన్నాడు. పోలేదు. "కొత్తది కూడా ఇట్టానే ఉండాది, మోసం చేసినారు" అని ఫోన్ చేశాడు. నేను వెళ్ళి ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెడితే వేళ్ళకు జివ్వుమని తగిలింది. చార్జర్ పీకాను. మోత ఠక్కున ఆగింది. చూస్తే మూడు పిన్నుల చార్జర్‌కి రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించి గోడకు పెట్టాడు. ఎర్త్ దారి లేని ఆ కరెంటు ఆడియో వైరులోంచి స్పీకర్ మీదుగా పోతోంది. కన్వర్టర్ తీసి సరైన మూడు పిన్నుల సాకెట్‌లో పెట్టాం. అంతే. డీఏసీ మళ్ళీ అట్టపెట్టెలోకి చేరింది, ఎవరికైనా కావాలేమో అని అడుగుతుంటాడు.

మీరు ఈ వరసలో చేయండి:

క. పాట ఆపి, చార్జర్ పీకి వినండి. మోత ఆగితే దోషం చార్జర్-ఎర్త్ దారిలో ఉంది.

చ. ఆగకపోతే ఆడియో కేబుల్‌ను కంప్యూటర్ వైపు పీకండి, స్పీకర్ మాత్రం ఆన్‌లో ఉంచండి. అప్పటికీ మోగుతుంటే స్పీకర్‌దో కేబుల్‌దో తప్పు. అదనపు కేబుల్ పెట్టి చూడండి.

ట. కంప్యూటర్‌ను టీవీకి కలిపి ఉంటే టీవీ వెనక కేబుల్ లేదా డిష్ వైరు విప్పి వినండి. కేబుల్ వైరు ఎర్త్ ఒక చోట, మీ ఇంటి ఎర్త్ ఇంకో చోట ఉంటే వాటి మధ్య తేడా అంతా స్పీకర్‌లో మోగుతుంది. ఈ ఒక్కటీ ఎవరికీ తట్టదు.

త. కంప్యూటర్, స్పీకర్, టీవీ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి.

ప. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే మోత వస్తుంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. దానికి మందు సైన్ వేవ్ ఇన్వర్టరే, లేదా కరెంటు వచ్చేదాకా బ్యాటరీ మీద హెడ్‌ఫోన్‌తో వినడం.

చార్జర్ మీద పెట్టినప్పుడే మోగుతూ, సాకెట్ కూడా సరిగ్గానే ఉంటే ఇంటి ఎర్తింగ్ చూపించాలి. మన దగ్గర ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోతుంది. నీళ్ళు పోయడం ఇంటివాళ్ళే చేసుకోవచ్చు. అయినా తగ్గకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి.

హెచ్చరిక: మోత పోతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం, ఎర్త్ వైరు కత్తిరించడం చేయొద్దు. మోత పోవచ్చు, కానీ రేపు ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజు ఆ కరెంటు మీ చేతిలోంచి పోతుంది.

ఇవన్నీ చేసినా మోత ఉంటే ఆడియో కేబుల్ మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న డబ్బా దొరుకుతుంది. మరీ చవకది అయితే బాస్ కొంత తినేస్తుంది, అది తెలిసే కొనండి.

మోత కాకుండా, మౌస్ కదిపినప్పుడు కీచుమంటుంటే కథ వేరు. అది కంప్యూటర్ లోపలి రొద. డెస్క్‌టాప్ అయితే ముందు జాక్ వదిలి వెనక ఆకుపచ్చ జాక్‌లో పెట్టండి. ల్యాప్‌టాప్ అయితే యూఎస్‌బీ డాంగిల్ (హెడ్‌ఫోన్ జాక్ ఉన్న చిన్న బయటి డీఏసీ) పెట్టండి. ఈ ఒక్క సందర్భంలో బయటి డీఏసీ నిజంగా అవసరం.

5. జాక్‌లు

మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్ళు ఇది చదవండి, మిగతావాళ్ళు దాటేయండి. ఉప్పు గాలికి జాక్ పిన్నుల మీద పొర పడుతుంది. ఒక పక్క సౌండ్ రాదు, వైరు తిప్పితే వస్తుంది. అన్నీ ఆఫ్ చేసి, జాక్‌ను పదిసార్లు పెట్టి తీయండి. చాలకపోతే ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ పిన్నుకు కొద్దిగా కొట్టి, ఆరాక పెట్టండి. కొబ్బరి నూనె రాయొద్దు. రాసినవాళ్ళను చూశాను కాబట్టే చెబుతున్నాను.

6. స్పీకర్ చోటు, గది

పైసా ఖర్చు లేకుండా అన్నిటికన్నా పెద్ద తేడా వచ్చేది ఇక్కడే. ఫైళ్ళ గురించి గంటలు వాదించేవాళ్ళు కూడా స్పీకర్లను బీరువా మీద పెట్టుకుంటారు.

టేపు తీసుకోండి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, ఒక్కో స్పీకర్ నుంచి మీ తలకు కూడా అంతే దూరం ఉండాలి. బల్ల మీదైతే మూడు నుంచి నాలుగు అడుగులు చాలు. చిన్న గుండ్రటి స్పీకర్ (ట్వీటర్) మీ చెవి ఎత్తులో, మీ వైపు కాస్త తిరిగి ఉండాలి. వెనక గోడకు కనీసం అడుగు దూరం. మూలకు తోస్తే బాస్ పెరిగినట్టు అనిపిస్తుంది, కానీ అది ఒకే స్వరం మీద బుంయ్‌మంటుంది, మృదంగం దెబ్బలు విడివిడిగా వినపడవు. షోకేసు అరలో అసలు వద్దు.

బల్ల అదురుతుంటే స్పీకర్ కింద బరువైన రాయి పెట్టి, రాయికీ బల్లకూ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్కలు వేయండి. మన చీమకుర్తి గ్రానైట్ తునకలు దీనికి బాగా పనికొస్తాయి. ఫ్లోరింగ్ పని జరిగే చోట అడిగితే కోసి మిగిలిన ముక్కలు ఊరికే ఇస్తారు.

ఇప్పుడు గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. వెనకాలే చిర్ర్‌మని తోక వినపడిందా? నున్నటి నేల, సిమెంటు గోడలు, స్లాబు, ఖాళీ గది ఉంటే అలాగే ఉంటుంది. గొంతు బావిలోంచి వచ్చినట్టుండడానికి ఇదే కారణం. నేల మీద జంపఖానా పరవండి, కిటికీకి మందపాటి కర్టెన్ వేయండి. మీ వెనక గోడకు ఒక పరుపు నిలబెట్టి మళ్ళీ చప్పట కొట్టండి. తేడా వెంటనే తెలుస్తుంది. పుస్తకాల అర, బట్టల రాక్ కూడా పనిచేస్తాయి. గోడకు కోడిగుడ్ల అట్టలు అతికించడం మానుకోండి. అవి పైస్థాయి సౌండ్‌ను ఏదో కొంచెం చెదరగొడతాయి, బాస్‌ను ఏమీ చేయలేవు, నిప్పు అంటుకుంటే మాత్రం మండిపోతాయి.

ఫ్యాన్ 5 మీద ఉంటే పాటలోని సన్నటి సంగతులన్నీ దానిలో కలిసిపోతాయి. ఒంగోలు ఎండలో ఫ్యాన్ ఆపమని చెప్పే ధైర్యం నాకు లేదు. పోల్చి చూసే ఆ పది నిమిషాలు 2కి తగ్గించండి, లేదా రాత్రి చేయండి.

ఆంప్లిఫయర్‌కి విడి వైర్లతో స్పీకర్లు కలిపినవాళ్ళు ఒకటి చూసుకోండి. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి ఉండాలి. ఒక్క స్పీకర్‌కి తారుమారైనా బాస్ మాయమై, గొంతు గదంతా చెదిరిపోతుంది. ఆంప్ ఆపి, ఒక స్పీకర్ వైర్లు మార్చి వినండి. బాస్ ఏ పద్ధతిలో ఎక్కువ ఉంటే అదే సరైనది.

7. బ్లూటూత్ వాడేవాళ్ళకు

పాట బాగానే వస్తూ, మీటింగ్ యాప్ తెరవగానే పాత ల్యాండ్‌లైన్‌లో విన్నట్టు అయిపోతే హెడ్‌సెట్ చెడిపోలేదు. దాని మైకు ఆన్ కాగానే అది ఫోన్ మాటల పద్ధతికి మారిపోతుంది. ఆ యాప్‌లో మైకుగా ల్యాప్‌టాప్ సొంత మైకు ఎంచుకోండి. పరికరాల్లో రెండు పేర్లు కనిపిస్తే "హ్యాండ్స్‌ఫ్రీ" కాకుండా "స్టీరియో" అన్నది ఎంచుకోండి.

8. నిజంగా బాగుపడిందా?

మొదటి పరీక్ష: 1960ల నాటి మోనో పాట పెట్టి కళ్ళు మూసుకోండి. గొంతు రెండు స్పీకర్ల సరిగ్గా మధ్యలోంచి రావాలి. ఒక పక్కకు లాగితే బ్యాలెన్స్, దూరాలు మళ్ళీ కొలవండి.

రెండోది: ఆడాసిటీలో జెనరేట్ మెనూలో చర్ప్ తీసుకొని 40 నుంచి 15000 హెర్ట్జ్ దాకా 30 సెకన్లు పెట్టి, తక్కువ వాల్యూమ్‌లో వినండి. ఎక్కడైనా కిటికీ అద్దమో, స్టీలు గిన్నో గలగలమంటే దాన్ని పక్కకు జరపండి. చిన్న స్పీకర్లలో మొదట్లో ఏమీ వినపడకపోతే కంగారొద్దు, 40 హెర్ట్జ్ వాటి వల్ల కాదు.

మూడోది కష్టమైనది. ఏ మార్పైనా బాగుందనిపిస్తే, ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టి, మీకు చెప్పకుండా పాతదీ కొత్తదీ మార్చి మార్చి పెట్టమనండి. రెండింటి వాల్యూమ్ ఒకటే ఉండాలి. కొంచెం ఎక్కువ సౌండ్‌తో వచ్చేది ఏదైనా చెవికి "బాగుంది" అనిపిస్తుంది, దుకాణాల్లో జరిగేది ఇదే. పదిసార్లలో ఐదారుసార్లే సరిగ్గా చెబితే తేడా లేదన్నట్టే. తొమ్మిది చెబితే ఉంది. నేను ఒకప్పుడు ఖరీదైన యూఎస్‌బీ కేబుల్‌తో ఇలా కూర్చుంటే, మా ఆవిడ పదింటికి నాకు నాలుగు మార్కులు వేసింది. ఆ కేబుల్ ఇప్పుడు ప్రింటర్‌కి ఉంది.

ఇంకా కొనాలనే ఉంటే ముందు స్పీకర్లు లేదా హెడ్‌ఫోన్, ఆ తర్వాత గదికి కర్టెన్లు, చివర్లో డీఏసీ. టైప్-సీ నుంచి 3.5 ఎంఎం డాంగిల్ కొనేటప్పుడు లోపల డీఏసీ ఉన్నదేనా అని అడిగి తీసుకోండి. లేనివి చాలా ల్యాప్‌టాప్‌లలో పలకవు. హెడ్‌ఫోన్‌తో గంటలు వినేవాళ్ళు వాల్యూమ్ చూసుకోండి: ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు చెప్పిన హద్దు 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు. పక్కన కూర్చున్నవాళ్ళకు మీ హెడ్‌ఫోన్‌లో పాట ఏదో తెలిసిపోతుంటే తగ్గించండి.